అడవి అంచు రైతుకు దుప్పి పాఠాలు

అమెరికాలోని టెక్సాస్‌లో వందల ఎకరాల పశువుల బీళ్లున్న ఆసాములు, హవాయి దీవుల వేటగాళ్లు నేర్చుకునే పాఠాల్లో ఒక జంతువు పేరు పదే పదే వస్తుంది. వాళ్లు దాన్ని యాక్సిస్ డీర్ అంటారు. మనకది చుక్కల దుప్పి. 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర జంతువుగా ప్రకటించింది దీన్నే. మహబూబాబాద్ జిల్లా గూడూరు, కొత్తగూడ వైపు అడవుల్లో మసలే ఈ జంతువు సముద్రాలు దాటిన చోట ఎట్లా బతుకుతోందో చూస్తే మన అడవి సంగతి మనకు ఇంకాస్త బాగా తెలుస్తుంది.

1860ల చివర్లో హవాయి రాజు ఐదో కమేహమేహాకు హాంకాంగ్ నుంచి కొన్ని దుప్పులు కానుకగా వచ్చాయి. వాటిని మొలొకై దీవిలో వదిలారు. 1959లో పక్కనున్న మౌయి దీవికీ చేర్చారు. అక్కడ పులి లేదు, చిరుత లేదు, రేచుకుక్కల గుంపు లేదు. ఆడ దుప్పి రెండో ఏడు నుంచే ఏటా ఒక కూనను ఈనుతుంది. మౌయిలో వీటి సంఖ్య ఏటా 20 నుంచి 30 శాతం పెరుగుతుందని అక్కడి వాళ్ల అంచనా. అంటే మూడు నాలుగేళ్లలో రెట్టింపు. గడ్డి గోకినట్టు మేస్తే నేల బయటపడుతుంది. వాన పడితే ఆ మట్టి కొట్టుకుపోయి తీరంలోని పగడపు దిబ్బల మీద పేరుకుంటుంది. కరువు వచ్చిన ఏడు దుప్పులే మేత లేక రాలిపోతాయి. 2021లో మౌయి ప్రాంతంలో ఈ దుప్పుల వల్ల అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. మన దేశంలోనే అండమాన్ దీవుల్లో ఇదే కథ నడిచింది. 20వ శతాబ్ది తొలినాళ్లలో బ్రిటిష్ వాళ్లు అక్కడ వదిలిన దుప్పులు పులి భయం లేని దీవుల్లో పెరిగి, లేత మొక్కలను తినేసి, అడవి తిరిగి మొలకెత్తకుండా చేస్తున్నాయి.

అదే దుప్పి మన దగ్గర ఎందుకు అట్లా పెరగదు? పులి ఉండటం ఒక్కటే కారణం కాదు. మేత, నీళ్లు, చాటు, వేట, కుక్కలు, నిప్పు, ఇవన్నీ కలిసి దాని సంఖ్యను తేలుస్తాయి. ఈ లెక్క నేర్చుకోవడానికే చాలా దేశాలు వేటగాళ్లకు, భూమి ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా కోర్సులు పెట్టాయి.

బ్రిటన్‌లో 1963లో ఏర్పడిన బ్రిటిష్ డీర్ సొసైటీ లాంటి సంస్థలు డీర్ స్టాకింగ్ సర్టిఫికెట్ కోసం శిక్షణ ఇస్తాయి. జాతిని గుర్తుపట్టడం, చట్టం, భద్రత, గురి, మాంసం పరిశుభ్రత, అన్నీ పరీక్షిస్తారు. జర్మనీలో వేట లైసెన్సు పరీక్ష పెద్ద చదువే. జంతుశాస్త్రం, అడవుల పెంపకం, వ్యవసాయం, వేటకుక్కలు, ఆయుధాలు, చట్టాలు చదివి నెగ్గాలి. అమెరికాలో 1988లో మొదలైన క్వాలిటీ డీర్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్ భూమి యజమానుల కోసం డీర్ స్టీవార్డ్ అనే కోర్సు నడిపింది. ఆ సంస్థ 2020లో నేషనల్ డీర్ అసోసియేషన్‌లో భాగమైంది. ఈ కోర్సుల్లో తుపాకీ పాఠం కొంతే. ఎక్కువ భాగం నేల చూడటం, మొక్క చూడటం, లెక్క పెట్టడం. ఒక మంద పెరుగుదలను ఆడవాటి సంఖ్యే నిర్ణయిస్తుందనీ, పెద్ద కొమ్ముల పోతును కొడితే గోడకు అలంకారం దొరుకుతుందే గాని మంద తగ్గదనీ అక్కడ మొదటి రోజుల్లోనే చెబుతారు. ఒక పోతు చాలా ఆడవాటితో జతకట్టగలదు కాబట్టి ఒకటి పోయినా మరొకటి ఆ పని చేస్తుంది.

ఈ చదువుకంతటికీ మూలపురుషుడు అమెరికా అటవీ శాస్త్రవేత్త ఆల్డో లియోపోల్డ్. 1933లో ఆయన వన్యప్రాణి నిర్వహణ మీద తొలి పాఠ్యపుస్తకం రాశాడు. ఏ పనిముట్లతో మనిషి అడవి జంతువులను నాశనం చేశాడో, తెలివిగా వాడితే అవే వాటిని తిరిగి నిలబెడతాయన్నది ఆయన వాదం. గొడ్డలి, నాగలి, పశువు, నిప్పు, తుపాకీ, ఈ అయిదింటినీ ఆయన లెక్కలోకి తీసుకున్నాడు.

మన దేశంలో అయిదో దానికి దాదాపు తావు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది. 1991 సవరణతో లైసెన్సు వేట పూర్తిగా ఆగిపోయింది. నిజాం కాలంలో పాకాల అడవి దొరల వేటకు పేరుపడ్డ చోటు. 1952లో పాకాల, ఏటూరునాగారం అడవులు అభయారణ్యాలయ్యాయి. తుపాకీ పోయింది, పోవాల్సిందే. అయితే మిగిలిన నాలుగు పనిముట్లూ ఈ అడవుల చుట్టూ ఊళ్లవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. వాటిని ఎట్లా వాడాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పట్లేదు. నా బాధ అదే.

తొర్రూరు నుంచి బయలుదేరి మానుకోట (మహబూబాబాద్) మీదుగా గూడూరు, కొత్తగూడ, గంగారం దాకా వెళ్తే ఒకే జిల్లాలో రెండు లోకాలు కనిపిస్తాయి. తొర్రూరు వైపు వరి, పత్తి, మిర్చి, మక్కజొన్న పండే మైదానం. అక్కడక్కడా రాతి గుట్టలు, చెరువులు, ఆకేరు వాగు. ఉత్తరానికి పోయేకొద్దీ టేకు, నల్లమద్ది, వెదురు, ఇప్ప, తునికి చెట్లు. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన పాకాల చెరువు చుట్టూ ఉన్న అభయారణ్యం విస్తీర్ణం దాదాపు 860 చదరపు కిలోమీటర్లు. ఇంకా పైకి, ములుగు జిల్లాలోని ఏటూరునాగారం అభయారణ్యం 806 చదరపు కిలోమీటర్లు. ఇంత అడవి ఉన్నా ఇటు వచ్చే పులి తిరిగి వెళ్లిపోతుంది గాని కాపురం పెట్టదు. దీనికి చెప్పే కారణాల్లో తిండి జంతువుల కొరత ముఖ్యమైనది.

పులికి ఎంత తిండి కావాలో లెక్క ఉంది. కర్ణాటక శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ చాలా ఏళ్లు చేసిన పరిశోధన ప్రకారం ఒక పులి ఏడాదికి సుమారు 50 గిట్టల జంతువులను చంపుతుంది. అది తన చుట్టూ ఉన్న మందలో పదో వంతు. ఆ లెక్కన ఒక్క పులి నిలవాలంటే 500 దుప్పులు, కణుజులు (సాంబారు జింకలు), అడవిపందులు లాంటివి ఉండాలి. ఆ 500 నిలవాలంటే ఎంత గడ్డి కావాలి?

ఇక్కడే దుప్పి కడుపు గురించి చెప్పుకోవాలి. దుప్పి నెమరువేసే జంతువు, ఆవు మేకల్లాగే నాలుగు గదుల కడుపు. మొదటి పెద్ద గదిలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును పులియబెట్టి దుప్పికి శక్తినిస్తాయి. ఒక మోస్తరు దుప్పి బరువు 50 కిలోలనుకుంటే, రోజుకు తన బరువులో 2 నుంచి 3 శాతం ఎండు మేత కావాలి. కిలోన్నర వేసుకుందాం. ముప్పై దుప్పుల మందకు రోజుకు 45 కిలోలు, ఏడాదికి 16 టన్నుల పైన. పచ్చిగడ్డిలో చాలా భాగం నీరే కాబట్టి, పచ్చిమేతగా లెక్కేస్తే ఇంకా ఎన్నో రెట్లు.

బరువు ఒక్కటే సరిపోదు. వానకాలంలో లేత గడ్డిలో మాంసకృత్తులు దండిగా ఉంటాయి. ఏప్రిల్, మే నాటికి గడ్డి ఎండి పీచవుతుంది. మేతలో మాంసకృత్తులు 6, 7 శాతం కంటే దిగిపోతే కడుపులోని సూక్ష్మజీవులే నీరసిస్తాయి, పీచు అరగదు. కడుపు నిండా మేత ఉండి కూడా జంతువు చిక్కిపోతుంది. అందుకే ఎండాకాలంలో దుప్పి గడ్డి వదిలి చెట్ల కింద రాలినవాటి వెంట పడుతుంది. ఇప్ప పువ్వు, రేగు పండు, మర్రి, మేడి కాయలు. కొండముచ్చులు పైన కూర్చుని తింటూ సగం కింద పారేస్తే ఏరుకుంటుంది. ఆ స్నేహంలో ఇద్దరికీ లాభమే. పైవాడికి చూపెక్కువ, కిందివాడికి వాసన ఎక్కువ, పులి వస్తే ఎవరు ముందు పసిగట్టినా రెండో వాడికి హెచ్చరిక అందుతుంది.

దుప్పి అడవి దగ్గర తీసుకోవడమే కాదు, ఇస్తుంది కూడా. ఉసిరికాయ మింగిన దుప్పి తర్వాత తీరిగ్గా నెమరువేసేటప్పుడు గింజను నోట్లోంచి కక్కేస్తుంది. ఉత్తరాదిన రాజాజీ అడవుల్లో జరిగిన పరిశోధన ఉసిరి గింజల వ్యాప్తిలో దుప్పి పాత్రను ఇట్లాగే తేల్చింది. దుప్పి లేని అడవిలో ఉసిరి చాలావరకు తల్లిచెట్టు కిందే రాలి కుళ్లుతుంది. ఉసిరికాయ ఏరి అమ్ముకునే కుటుంబాలకు ఇది దూరపు విషయం కాదు.

కణుజు తీరు వేరు. అది బరువులో దుప్పికి మూడు నాలుగు రెట్లు. గుట్టల వాలుల్లో, చెట్ల చాటున, ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది. ఆకూ తింటుంది, గడ్డీ తింటుంది. మొరిగే జింక లేత చిగురు, రాలిన పండ్లు ఏరుకుని ఒంటరిగా బతుకుతుంది. నాలుగు కొమ్ముల జింక ఒక వింత, అదీ మన దక్కను ఆకురాల్చే అడవుల జంతువే. అడవంతా ఒకే తీరుగా చేస్తే వీటిలో ఒకదానికే మేలు. గడ్డి మైదానం, గుబురు పొద, పెద్ద చెట్టు, రాతి వాలు పక్కపక్కనే ఉన్న చోట అన్నీ నిలుస్తాయి. టేకు మాత్రమే నాటిన తోటలో దుప్పికి నీడ దొరుకుతుంది, తిండి దొరకదు.

నిప్పు సంగతికి వద్దాం. మన జిల్లాల్లో అడవి ఎక్కువగా అంటుకునేది ఫిబ్రవరి నుంచి మే దాకా. ఇప్ప పువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు ఊడ్చే బదులు అగ్గి పెడతారు. తునికాకు లేత చిగురు కోసం కొందరు పెడతారు. అది ఒక చెట్టు కింద ఆగదు. వానలకు ముందు లేత గడ్డి వస్తుంది కదా, దుప్పికి మంచిదే కదా అని కొందరి వాదన. కొంత నిజమే. చలికాలం చివర, తేమ ఉండగా, గాలి లేని పూట, చిన్న చిన్న పట్టీలుగా కాల్చితే ముదురు గడ్డి పోయి వేర్లు బతికి చిగురు వస్తుంది. మే నెల మంట అట్లా కాదు. వేర్లు, నేల మీద గింజలు, చెట్ల మొలకలు, నేల మీద గూడు పెట్టే పిట్టల గుడ్లు, పొదలో దాగిన కూన, అన్నీ బూడిద. కాలిన నేల మీద ముందు లేచేది కలుపే. ఎప్పుడు కాల్చాలి, ఎంత కాల్చాలి, ఎవరి అనుమతితో కాల్చాలి అన్నవి శిక్షణతో మాత్రమే వచ్చే విషయాలు. అంతదాకా ఇప్ప చెట్టు కింద చీపురే మేలు. లేకపోతే చెట్టు కింద పాత చీరలు పరిస్తే పువ్వు శుభ్రంగానూ దొరుకుతుంది.

ఇక గొడ్డలి. దుప్పికి ఈరోజు పెద్ద శత్రువుల్లో లాంటానా ఒకటి. 1800ల తొలినాళ్లలో కలకత్తా వృక్షోద్యానానికి అందమైన పూలమొక్కగా వచ్చిన దక్షిణ అమెరికా పొద ఇది. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం దేశంలో పులులు తిరిగే అడవుల్లో సుమారు 40 శాతం మేర ఇది పాకింది. దాని నీడలో గడ్డి మొలవదు, ఆకు తింటే పశువుకు విషం. నరికితే మొదట్లోంచి ఇంకా గుబురుగా లేస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త సి.ఆర్. బాబు బృందం దీనికి ఒక సులువైన ఉపాయం చూపించింది. కాండం పైన కాకుండా, నేలకు కాస్త కింద, చిగుళ్లు పుట్టే ముడి అడుగున తల్లివేరును నరికి మొక్కను తలకిందులుగా పెట్టాలి. మట్టి పెద్దగా కదలదు, కొత్త గింజలు మొలిచే అవకాశం తగ్గుతుంది. ఆ వెంటనే అక్కడ గరిక లాంటి తినదగ్గ గడ్డి గింజ చల్లాలి, లేకపోతే ఖాళీ నేలను వయ్యారిభామ ఆక్రమిస్తుంది. వరుసగా రెండు మూడేళ్లు వెనక్కి వచ్చి మిగిలిన మొలకలు తీసేస్తేనే పని పూర్తయినట్టు.

ములుగు జిల్లా తాడ్వాయి అడవి గురించి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 2024 ఆగస్టు 31న మేడారం, తాడ్వాయి మధ్య సుడిగాలి లాంటి పెనుగాలికి కొద్దిసేపట్లో 50 వేలకు పైగా చెట్లు నేలకూలాయి. అందరికీ గుండె కలుక్కుమంది. అడవి దృష్టితో చూస్తే పందిరి తెరుచుకుని ఎండ నేలకు దిగింది. అట్లాంటి చోట మొదటి వానలకే గడ్డి, చిగురు, వెదురు పిలక లేస్తాయి. అవి దుప్పికి, కణుజుకు పండగ. లేదా ఆ ఎండనే వాడుకుని లాంటానా, వయ్యారిభామ లేచి ఆ చోటు దశాబ్దాల పాటు పనికిరాకుండా పోతుంది. రెంటిలో ఏది జరుగుతుందన్నది మొదటి మూడు నాలుగేళ్లలో కలుపు తీసే చేతుల మీద ఆధారపడి ఉంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఆ పని నేర్పి, కూలి ఇచ్చి చేయించడం కంటే మంచి పాఠశాల ఇంకొకటి దొరకదు.

పశువు మాట సున్నితమైనది. ఊరి మంద అడవిలోకి వెళ్తే దుప్పి తినే గడ్డే తింటుంది. అంతకంటే పెద్ద చిక్కు రోగాలు. గాలికుంటు, గొర్రెలకు వచ్చే పీపీఆర్ లాంటివి ఒకే నీటిగుంట దగ్గర ఇటు నుంచి అటు పోగలవు. అడవి అంచు ఊళ్లలో పశువులకు సకాలంలో టీకాలు వేయించడం దుప్పిని కాపాడే పనే. ఊరి కుక్కలు ఇంకో బెడద. గుంపుగా అడవిలోకి పోయి కూనలను, ఈనే దశలో ఉన్న దుప్పులను చంపేస్తాయి. కుక్కలకు గర్భనిరోధక శస్త్రచికిత్సలు చేయించడం ఊరి పంచాయతీ చేయగల పని.

లెక్క పెట్టడం ఎట్లాగో తెలిస్తే సామాన్యుడికి కూడా సరదా పుడుతుంది. నాలుగేళ్లకోసారి జరిగే దేశవ్యాప్త పులుల గణనలో ప్రతి బీటులోనూ 2 కిలోమీటర్ల తిన్నని దారి గీస్తారు. తెల్లవారుజామున ఇద్దరు ముగ్గురు చప్పుడు చేయకుండా నడుస్తారు. దుప్పుల మంద కనిపిస్తే ఎన్ని ఉన్నాయి, ఎంత దూరంలో ఉన్నాయి, నడిచే దారికి ఎంత కోణంలో ఉన్నాయి అని రాస్తారు. మంద 60 మీటర్ల దూరంలో, 30 డిగ్రీల కోణంలో ఉంటే దారికి దాని లంబదూరం 30 మీటర్లు. దూరం పెరిగేకొద్దీ మన కంటికి తప్పిపోయేవి పెరుగుతాయి. కనిపించేవి ఏ తీరుగా తగ్గుతున్నాయో చూసి, కనిపించనివి ఎన్ని ఉండొచ్చో లెక్క కట్టవచ్చు. అడవంతా తిరిగి ప్రతి దుప్పినీ చూడాల్సిన పని లేదు. వెనక్కి వచ్చేటప్పుడు అదే దారిలో అక్కడక్కడా ఆగి చిన్న కొలత ముక్కల్లో పెంటికలు లెక్కపెడతారు. దుప్పి పెంటికకూ కణుజు పెంటికకూ పరిమాణంలో తేడా ఉంటుంది. పదో తరగతి లెక్కలు వచ్చిన ఊరి పిల్లలు వారంలో ఇది నేర్చుకోగలరు. హైదరాబాద్ శివార్లలోని దూలపల్లి అటవీ అకాడమీలో బీట్ ఆఫీసర్లు నేర్చుకునే విద్యలో ఇలాంటివి భాగం. ఆ విద్య ఊరి గడప కూడా తొక్కాలి.

పాత వేటగాళ్ల జ్ఞానం ఇక్కడ అమూల్యం. అడుగుజాడ చూసి ఎప్పటిదో, పోతుదో ఆడదో చెప్పగల కోయ, నాయకపోడు పెద్దలు ఇంకా ఉన్నారు. నల్లమలలో చెంచులు అటవీశాఖ బేస్ క్యాంపుల్లో వాచర్లుగా, ట్రాకర్లుగా పనిచేస్తున్నారు. 1990ల చివర్లో కేరళలోని పెరియార్‌లో దొంగతనంగా అడవి చెట్ల బెరడు ఒలుచుకునేవాళ్లే కాపలాదార్లుగా మారారు. పాకాలలో, తాడ్వాయిలో ఈ దారి పట్టించదగ్గ మనుషులు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు రైతు గట్టు మీదికి. ఇదే అసలు చోటు. 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం 4 లక్షల పైచిలుకు ఎకరాలకు పోడు పట్టాలు ఇచ్చింది. మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో అడవిని ఆనుకుని ఉన్న వేల కుటుంబాలు ఇప్పుడు చట్టం ప్రకారం భూమి హక్కుదారులు. టెక్సాస్ ఆసామికి కోర్సు ఎందుకు అవసరమో వీళ్లకూ అందుకే అవసరం. దుప్పి, అడవిపంది, కణుజు తిరిగే దారి వీళ్ల చేలోంచే. తొర్రూరు లాంటి మైదానాల్లో అడవి లేకపోయినా గుట్టల్లో, వాగుల చాటున పందులు స్థిరపడి మక్కజొన్న, పల్లి చేలు తవ్వేస్తున్నాయి. నారాయణపేట జిల్లా కృష్ణ, మాగనూరు మండలాల్లో కృష్ణజింకల మందలు మొలకలు మేసి రైతును ఏడిపిస్తున్నాయి.

రాత్రంతా కాపలా కాసి విసిగిన రైతు చేసే అతి ప్రమాదకరమైన పని కరెంటు తీగ లాగడం. వేటగాళ్లు చేసేదీ అదే. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం మండలం అడవిలో గాలింపుకు వెళ్లిన గ్రేహౌండ్స్ జవాను వేటగాళ్లు అమర్చిన తీగ తగిలి ప్రాణాలు వదిలాడు. ఇంట్లోకి వచ్చే 230 వోల్టుల కరెంటు ఆగకుండా, సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటూ పారుతుంది. తగిలినవాడి కండరాలు బిగుసుకుపోయి తీగ వదల్లేడు, గుండె లయ తప్పుతుంది. సౌర కంచె పని వేరు. 12 వోల్టుల బ్యాటరీతో నడిచే యంత్రం వేల వోల్టుల దెబ్బ కొడుతుంది గాని అది సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు, దాదాపు సెకనుకొకసారి మాత్రమే. ఉలిక్కిపడి వెనక్కి దూకేంత నొప్పి, మామూలుగా ప్రాణం పోదు. రెండింటికీ పేరు కరెంటు కంచే కావడం వల్ల గందరగోళం పుడుతోంది. రైతుకు మొదట నేర్పాల్సిన తేడా ఇది.

నాగలి చేసే పని ఇంకా చవక. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పంటలను పాడుచేసే పక్షులు, జంతువుల మీద పనిచేసే శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్లుగా పంది బెడదకు ఉపాయాలు పరీక్షిస్తున్నారు. పల్లి చేను చుట్టూ నాలుగు వరుసలు కుసుమ వేస్తే ముళ్లు గుచ్చుకుని పంది లోపలికి రావడానికి వెనకాడుతుంది, పైగా కుసుమ గింజ రైతు చేతికొస్తుంది. మక్కజొన్న చుట్టూ ఆముదం వేస్తే దాని వాసన మక్క వాసనను కప్పేస్తుంది. ఆముదం ఆకు పందికి రుచించదు. గంధకం, పంది కొవ్వు కలిపి నానబెట్టిన కొబ్బరి తాడును మూడు వరుసలుగా కడతారు. క్షౌరశాలల నుంచి తెచ్చిన జుట్టు గట్టు మీద చల్లుతారు. పంది చూపు కంటే ముక్కునే ఎక్కువగా నమ్మే జంతువు, ఈ ఉపాయాలన్నీ ఆ ముక్కును ఉద్దేశించినవే. అయితే ఏ వాసనకైనా కొన్నాళ్లకు అలవాటుపడుతుంది. కాబట్టి మార్చి మార్చి వాడాలి, ఒక్క రైతు కాకుండా ఆ చెలకల వాళ్లంతా కలిసి చేయాలి. ఒక్క చేనుకే కంచె వేస్తే పక్కవాడి చేను నష్టపోతుంది.

హద్దు మీరి నష్టం చేసే అడవిపందుల విషయంలో చట్టంలోనే దారి ఉంది. అధికారుల రాతపూర్వక అనుమతితో, అనుభవం ఉన్న గుర్తింపు పొందిన షూటర్ల చేత వాటిని చంపించవచ్చు, కళేబరాన్ని తినడానికి గాని అమ్మడానికి గాని వీల్లేదు, పూడ్చాలి లేదా కాల్చాలి. ఈ దారి ఉందని తెలియక తీగ లాగి జైలుకు పోయే కుటుంబాలను తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

చిన్న విషయాలు కూడా ఈ చదువులో భాగమే. దుప్పి, కణుజు కొమ్ములు ఏటా ఊడిపడి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింకవి ఊడవు. అడవిలో దొరికిన కొమ్ము ఇంటికి తెస్తే అదీ నేరమే. చాలామందికి ఇది అన్యాయంగా తోస్తుంది. కానీ ఆ కొమ్ము అడవిలోనే ఉంటే ఏదుపందులు, జింకలు కూడా కొరికి అందులోని సున్నాన్ని, భాస్వరాన్ని తీసుకుంటాయి. వేసవిలో అటవీశాఖ కట్టే సాసర్ పిట్ తొట్టెల్లో నీళ్లు ఎండిపోకుండా ఊరివాళ్లు చూసుకుంటే దుప్పి నీటి కోసం చేలోకి రాదు. దుప్పికి రోజూ నీళ్లు కావాలి, నీళ్లకు మరీ దూరంగా అది ఉండలేదు.

ఇదంతా నేర్పడానికి కొత్త కట్టడం కట్టాల్సిన పని లేదు. దాదాపు 5 వేల ఎకరాలకు ఒకటి చొప్పున రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. గూడూరు, కొత్తగూడ, గంగారం, తాడ్వాయి మండలాల వేదికల్లో ఫిబ్రవరిలో ఒకసారి నిప్పు గురించి, వానకాలం విత్తనాలకు ముందు ఒకసారి కంచె, గట్టు పంటల గురించి రెండేసి రోజుల శిక్షణ పెట్టాలి. బీట్ ఆఫీసర్, వ్యవసాయ విస్తరణ అధికారి, పశువైద్యుడు ఒకే వేదిక మీద కూర్చోవాలి. వాళ్ల పక్కన అడుగుజాడ చదవగల ఊరి పెద్దకు గౌరవ వేతనంతో ఒక కుర్చీ వేయాలి. శిక్షణ పూర్తిచేసిన రైతుకు సౌర కంచె రాయితీలో, పంట నష్టపరిహారంలో ముందు వరుస ఇవ్వాలి. అమెరికా ఆసామి సొంత డబ్బుతో నేర్చుకుంటున్న విద్యను మన పోడు రైతుకు ప్రభుత్వమే ఖర్చు పెట్టుకుని నేర్పడం న్యాయం. అడవిని కాపాడే భారంలో ఎక్కువ పాలు మోస్తున్నది ఆ రైతే.

అడవి పక్కన చెలక ఉన్న చదువరులకు ఒక మనవి. ఈసారి గ్రామసభలో మీ ఊరికి ఈ శిక్షణ కావాలని రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితం ఒక ప్రతి రేంజ్ ఆఫీసుకు, మరో ప్రతి మండల వ్యవసాయ అధికారికి పంపండి.